సైకిల్‌కి లిఫ్టు, సిలిండర్‌కి మెట్లు

బెజవాడకు ఒక డౌన్‌హిల్ సైకిల్ పార్కు అత్యవసరం. వన్‌టౌన్ కొండ మీద 143 మెట్ల ఎత్తున కాపురముంటున్న పన్ను చెల్లింపుదారుడిగా ఈ డిమాండు చేస్తున్నాను. నవ్వాలనుకునేవాళ్లు ముందు నా మోకాళ్లు చూసి నవ్వండి.

పోయిన ఎండాకాలం మా బావమరిది కొడుకు నన్ను కెనడాలో విస్లర్‌కి తీసుకెళ్లాడు. వాంకూవర్ నుంచి 120 కిలోమీటర్లు. చలికాలమంతా మంచు మీద జారే కొండ అది. మంచు కరిగాక, 1999 నుంచి, అక్కడే సైకిళ్ల పార్కు నడుపుతున్నారు. తీరా చూస్తే పైకి తొక్కేవాడు కనపడడు. కుర్చీల లిఫ్టు వస్తుంది, సైకిల్‌ని తగిలిస్తారు, సైకిలూ మనిషీ దర్జాగా పైకి పోతారు. దిగడం ఒక్కటే మన పని.

"దిగడానికి కూడా డబ్బులేంట్రా?" అన్నాను.

"దిగడం ఫ్రీయే మావయ్యా. డబ్బులు ఎక్కించినందుకు" అన్నాడు.

దిగే దారులకు గుర్తులున్నాయి. ఆకుపచ్చ గుండ్రం కొత్తవాళ్లకి, నీలం చదరం మధ్యరకానికి, నల్ల డైమండ్ ఆరితేరినవాళ్లకి. రెండు నల్ల డైమండ్లుంటే ఇంట్లో చెప్పి రావాలి. కొన్ని దారులు చక్కగా చెక్కిన మట్టివి, మలుపు దగ్గర గట్టు ఏటవాలుగా లేచి సైకిల్‌ని తనే తిప్పేస్తుంది. కొన్నిటిలో వేర్లు, రాళ్లు ఉన్నవున్నట్టే వదిలేశారు. వాటి మీద దిగే సైకిల్‌కి ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా కుంగే సస్పెన్షన్. నాకు గడ్డం దాకా మూసే హెల్మెట్, మోకాళ్లకి ప్యాడ్లు కట్టి ఆకుపచ్చ దారిలో వదిలాడు. రెండు బ్రేకులూ పట్టుకునే దిగాను. కిందికొచ్చేసరికి వేళ్లు బ్రేకుల మీద ఎలా వంగాయో అలాగే ఉండిపోయాయి. కాఫీ కప్పు కూడా వాడే నా నోటి దగ్గర పట్టుకున్నాడు.

ఈ ఆట 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 'రీప్యాక్' అనే పందెంతో ఊపందుకుంది. పాత సైకిళ్లు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం మధ్యనుండే హబ్‌లో గ్రీజు పొగై పోయేది, మళ్లీ కొత్తది కూరాలి. ఆ పేరు అందుకే. పైకి మాత్రం సైకిళ్లను ట్రక్కులో వేసుకుపోయేవాళ్లు. చూశారా, ఎక్కే పని మొదటినుంచీ వాళ్లది కాదు!

మా కొండకి దిగుడు లోటేం లేదు. రేషన్ షాపు దాకా ఆకుపచ్చ, పంపు దగ్గర నీలం, వానొస్తే మొత్తం డబుల్ బ్లాక్. లేనిదల్లా లిఫ్టు. డౌన్‌హిల్ సైకిల్ బరువు 15, 17 కిలోలు. నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 కిలోల దాకా తూగుతుంది. అందులో సగం బరువున్న వస్తువేమో కుర్చీల మీద ఊరేగుతోంది.

అమ్మవారి కొండకి ఘాట్ రోడ్డుంది, మహామండపంలో లిఫ్టులున్నాయి. మేం దేవతలం కాదు కాబట్టి సైకిళ్ల వంకతో అడుగుతున్నాం. మంచినీళ్లంటే కదలని ఫైలు పర్యాటకం అంటే పరిగెడుతుందని విన్నాను. సైకిళ్ల కుర్రాళ్లు ఎలాగూ తొమ్మిదికి ముందు నిద్ర లేవరు. అప్పటిదాకా లిఫ్టు మాకిస్తే చాలు. పక్కింటి పిన్నిగారి బిందెలు ఎక్కుతాయి, సిలిండర్లు ఎక్కుతాయి, మా అమ్మ ఎక్కుతుంది. ఆవిడ కొండ దిగి ఆరేళ్లయింది. "దిగడం ఎంతసేపురా, మళ్లీ ఎక్కేదెవరు?" అంటుంది.

బోర్డు మీద ఏ పేరు రాయాలో, ఏ రంగు వేయాలో కూడా రాద్దామనుకుంటుండగా ఫోను మోగింది.

"సార్, సిలిండర్ కింద మెట్టు దగ్గర పెట్టాను. వచ్చి తీసుకెళ్లండి."