శాలువా గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ శాలువా గారి సముఖానికి,

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక వృత్తి వక్త రాసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం విడిగా అడగనక్కర్లేదు, తమరు ఉండేది మా ఇంట్లోనే. నిన్న రాత్రి మా ఆవిడ బీరువా తెరిచి లెక్కపెట్టింది. మొత్తం 64 మంది. అందులో మెరూన్‌వి 31. ఆకుపచ్చది ఒక్కటే, రొట్టెల పండుగప్పుడు జరిగిన మతసామరస్య సభలో వచ్చింది. మిగతావన్నీ పసుపు, కాషాయాల మధ్య ఎటూ తేలని రంగులు.

ఇక మర్యాదలు చాలు. మూడేళ్లుగా నా మెడ చుట్టూ తిరుగుతున్నదానివి, నువ్వనే అంటాను.

మూడేళ్ల కిందట నేనొక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. జీతం 28 వేలు, అదీ పదో తారీఖు దాటాక. రోజుకు నాలుగు క్లాసులు అరిచే ఈ గొంతునే గంటకు ఇంత అని అమ్ముకోవచ్చని ఫోనులో ఎవరెవరో చెప్పారు. వాళ్లు చెప్పినవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నా. ఒకే విషయం పట్టుకో, అన్నిటి గురించీ మాట్లాడేవాణ్ని దేనికీ పిలవరు. నీ మాటల్లో మంచివి ఏరి మూడు నిమిషాల వీడియో చేసుకో. ఊరికో కొత్త ప్రసంగం రాయకు, ఒక్కదాన్నే యాభై ఊళ్లలో చెప్పి నునుపు చెయ్యి. సగం అడ్వాన్సు, దారిఖర్చులు వేరే. ఫీజు చెప్పాక నోరు మూసుకుని కూర్చో, ముందు నోరు తెరిచినవాడే తగ్గాల్సి వస్తుంది.

ఇవేవీ అబద్ధాలు కావు. మార్క్ ట్వేన్ అప్పులపాలైపోయి, 1895లో ఉపన్యాసాలిస్తూ ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. మరుసటి ఏడు మన దేశానికీ వచ్చాడు. ఆ ఉపన్యాసాల రాబడితోనూ, ఆ యాత్ర మీద రాసిన పుస్తకంతోనూ అప్పులన్నీ తీర్చేశాడు. డేల్ కార్నెగీ 1912లో న్యూయార్కు వైఎంసీఏలో ప్రసంగ పాఠాలు చెబుతానంటే, రాత్రికి 2 డాలర్లివ్వడానికి కూడా వాళ్లు ఒప్పుకోలేదట. వసూళ్లలో వాటా తీసుకోమన్నారు. ఆ వాటాతోనే ఆయన దశ తిరిగింది. ఇవన్నీ చదివి నేను రాజీనామా ఇచ్చేశా. ఆ కథల్లో ఎక్కడా శాలువా లేదు. అది మాత్రం చూసుకోలేదు.

మొదటి ఫోను కావలి నుంచి వచ్చింది. "సార్, ఆదివారం మీరు రావాల. మిమ్మల్ని ఘనంగా సన్మానించాలనుకుంటుండాం." పొంగిపోయా. పొంగు దిగాక నోటుపుస్తకం గుర్తొచ్చి, "మరి ఫీజు సంగతి..." అన్నా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. నేనూ నియమం ప్రకారం నోరు మూసుకునే ఉన్నా. చివరికి ఆయనే అన్నాడు: "మీరట్లా అడిగే మనిషి కాదని చెప్తే ఫోన్ చేశాం సామీ."

ఆ వాక్యం ఎంత పొందిగ్గా ఉందో చూడు. నన్ను మెచ్చుకుంటూనే నా జేబు కుట్టేశాడు. దానికి ఇంతవరకూ జవాబు దొరకలేదు నాకు.

సభయ్యాక కోశాధికారి గారు నా పక్కనే కూర్చుని ఖర్చుల కాగితం విప్పాడు. మైకుసెట్టు 3,000. ఫ్లెక్సీ 900. కుర్చీలు ఒక్కోటి 7 రూపాయల చొప్పున. ఫొటోలకు 1,500. ఉప్మా, కాఫీ, పూలదండలు. శాలువాలు 11, ఒక్కోటి 180. మైకుకు డబ్బులు ముట్టాయి, మైకులో మాట్లాడినవాడికి మాత్రం లేవు. మైకతన్ని సేవ చేయమంటే ఊరుకోడు, వైరు పీకేసి ఆటోలో వేసుకుని పోతాడు. పీకడానికి నా దగ్గర ఏ వైరూ లేదు.

పీకే వైరు లేనివాళ్ల కోసమే నిన్ను కనిపెట్టారనుకుంటా.

నీ గొప్పతనం ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. చెన్నైలో ఒకసారి టోస్ట్‌మాస్టర్స్ అని, ప్రసంగాలు సాధన చేసే క్లబ్బుకు పోయి చూశా. 1924లో అమెరికాలో పుట్టిన పద్ధతి. ప్రసంగానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదో నిమిషానికి పచ్చలైటు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. మాట తడబడి "ఆఁ", "ఊఁ" అంటే లెక్క రాసుకోవడానికి విడిగా ఒక మనిషి. ఆ మనిషిని తెచ్చి మన పురమందిరంలో కూర్చోబెడితే "ఈ సందర్భంగా" ఒక్కదానికే పుస్తకం చాలదు.

మన దగ్గర లైట్లు లేవు, నువ్వున్నావు. కార్డులో సాయంత్రం 6 గంటలని ఉంటుంది. ఏడుంబావుకు జ్యోతి ప్రజ్వలన. ఫ్యాను గాలికి వత్తి ఆరిపోతుంటే ఫ్యాను ఆపుతారు, మళ్లీ వేయడం ఎవరికీ గుర్తుండదు. వేదిక మీద పదకొండుమంది, కింద పద్నాలుగు మంది, ఆ పద్నాలుగులో ముగ్గురు పైవాళ్లను తీసుకొచ్చిన డ్రైవర్లు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, తలా "రెండు మాటలు". ఈ రెండు మాటలు తెలుగులో అన్నిటికన్నా పొడవైన మాటలు. నా పేరు పిలిచేటప్పటికి తొమ్మిదవుతుంది. పిలుస్తూనే "సమయాభావం వల్ల క్లుప్తంగా" అంటాడు అధ్యక్షుడు. నలభై నిమిషాలు ఆయనే మాట్లాడి, అభావం నాకు అంటగడతాడు.

సరే, మొదలుపెడతా. పట్టు దొరికే సమయానికి వేదిక మెట్ల మీద ఒకాయన కనపడతాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు. అది గరగరమంటుంది. మైకు నా మాటల కన్నా ఆ గరగరనే బాగా పట్టుకుంటుంది. అదీ మా పసుపు లైటు. కవర్లోంచి నిన్ను తీసి మడత విప్పాడంటే ఎరుపు. మూలాపేట సభలో నేను తిక్కన గారి కర్ణపర్వం చెబుతున్నా. రథచక్రం నేలలో దిగబడింది, కర్ణుడు దిగి దాన్ని పట్టుకున్నాడు. అంతలో నా మెడ మీదికి నువ్వొచ్చి పడ్డావు. చప్పట్లు. వందన సమర్పణ. కర్ణుడు ఆ చక్రం పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఆ దోవన పోయినప్పుడల్లా నాకు అపరాధంగా ఉంటుంది.

తర్వాత ఫొటో. నిన్ను కప్పే చేతులు ఎనిమిది, ఆ చేతుల యజమానులందరూ ఫొటోగ్రాఫరు వైపు చూస్తుంటారు, నా వైపు చూసేవాడు ఒక్కడూ ఉండడు. "ఇంకోటి, ఇంకోటి" అంటాడు ఫొటో అబ్బాయి. రోహిణి కార్తె. ఆపిన ఫ్యాను ఆపినట్టే ఉంది. నువ్వేమో నిఖార్సయిన పాలిస్టరు. ఆ నిమిషంలో నేను చిందించిన చెమట గంట ఉపన్యాసంలో కూడా చిందించను. అదే ఆడవాళ్లకయితే, నిన్ను కప్పడానికి కింద కూర్చున్న ఒకావిడను పైకి పిలుస్తారు. సభలో ఆవిడకు దక్కే అవకాశం అదొక్కటే, ఆవిడ ఎంత చదువుకున్నా సరే.

మా ఊరి చరిత్రలో నువ్వెప్పుడు దూరావో తెలియదు. తిక్కన కాలంలో మాత్రం లేవు. నెల్లూరు రాజు మనుమసిద్ధిని దాయాదులు గద్దె దింపేస్తే, తిక్కన ఓరుగల్లు పోయి గణపతిదేవుడికి భారతం వినిపించి, మెప్పించి, సైన్యాన్ని తెచ్చాడని చెప్పుకుంటారు. ఒక్క ప్రసంగానికి సైన్యం! కాకతీయులు కూడా అక్కడ "తిక్కన సోమయాజి గారిని శాలువాతో ఘనంగా సత్కరించి" పంపేసి ఉంటే నెల్లూరు చరిత్ర ఏమయ్యేదో ఆలోచించు. మనుమసిద్ధి అదే కప్పుకుని అడవుల్లో తిరిగేవాడు.

ప్రకాశం పంతులు గారి సంగతీ అంతే. చెన్నపట్నంలో బారిస్టరుగా నోటి మాట మీదే దండిగా సంపాదించిన మనిషి. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేశాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీ ముందు చొక్కా తెరిచి ఛాతీ చూపించాడు. ఆయన విప్పుకుని పేరు తెచ్చుకున్నాడు, మేం కప్పించుకుని తెచ్చుకుంటున్నాం. పొట్టి శ్రీరాములు గారయితే ఉపన్యాసం జోలికి పోకుండా 58 రోజులు పస్తుండి ప్రాణమిచ్చాడు, రాష్ట్రం వచ్చింది. ఆయన పేరున్న జిల్లాలో నేను మాటలతో బతుకుతానని బయల్దేరా. ఇక చవటపాళెం నుంచి వెంకయ్యనాయుడు గారు ప్రాసలు వేసుకుంటూ 2017లో ఉపరాష్ట్రపతి పదవి దాకా వెళ్లేసరికి, మా జిల్లా వక్తలందరికీ ప్రాస జబ్బు పట్టుకుంది. నేనూ ప్రయత్నించా. "కష్టం, ఇష్టం, అదృష్టం" అన్నా. వెనక వరసలోంచి "నష్టం" అని వినపడింది. అన్నది మా బావమరిదే.

ఇంటి సంగతులు చెబుతా. మా ఆవిడ నీకు ఉద్యోగం వెతికిపెట్టడానికి చాలా పాట్లు పడింది. ఇన్వర్టరు మీద కప్పింది, కుట్టుమిషను మీద కప్పింది, వడియాల మీద కప్పితే గాలికి పక్క మేడ మీదికి ఎగిరిపోయావు. ఇల్లు తుడుద్దామంటే నీళ్లు పీల్చవు. "ఏవండీ, దేనికీ పనికిరానిదాన్ని ఇంత భద్రంగా మడతపెట్టి ఎట్లా ఇస్తారండీ మనిషికి?" అని అడిగింది. మడత పెట్టింది నిన్నా, నన్నా అని నేను అడగలేదు.

చిన్నబజారులో కొట్టాయన దగ్గరికి నాలుగు పట్టుకుపోయా. కవరు చిరగకుండా ఉంటే 50 ఇస్తానన్నాడు. చిరిగితే 20. అంటే నాకన్నా నీ కవరుకు విలువెక్కువ. "వచ్చే నెల పెళ్లిళ్లు, రిటైర్మెంట్లు ఉండాయి, మొత్తం తెచ్చెయ్ సార్" అని కూడా అన్నాడు. అప్పుడు అర్థమైంది, నువ్వు బట్టవు కావు, నోటువి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ, ఎవరి దగ్గరా నిలవకుండా, ఎవరికీ చలి ఆపకుండా తిరుగుతుంటావు. నెల్లూరులో చలి ఎక్కడుంది గనక!

ఆడిటరు మిత్రుణ్ని కూడా అడిగా. వృత్తి ఫీజు ఏడాదికి 50 వేలు దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం పన్ను పట్టుకుని మిగతాది ఇవ్వాలట. శాలువాకయితే ఎట్లా పట్టుకుంటారయ్యా, జరీ అంచు కత్తిరించుకుంటారా అన్నా. నవ్వి, లెక్కేశాడు. 64ని 180తో గుణిస్తే 11,520. మూడేళ్ల వ్యాపారం. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషను కావాలంటే ఏడాదికి 20 లక్షలు దాటాలి. అంటే ఒక్క ఏడాదిలో 11 వేల పైచిలుకు సన్మానాలు జరగాలి నాకు. "నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు.

అసలు ఈ లేఖ ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెబుతా. పోయిన వారం ఒంగోలు నుంచి ఒక ఆఫీసువాళ్లు ఫోను చేశారు. వాళ్ల సిబ్బందికి గంటన్నర మాట్లాడాలట. "మీ ఫీజెంత సార్?" అన్నారు. వాళ్లంతట వాళ్లే! మూడేళ్లలో మొదటిసారి విన్న ప్రశ్న అది, గొంతు పట్టేసింది. "ఐదు వేలు" అన్నా. నోరు మూసుకోవాలన్న నియమం తెలుసు, కానీ మూడు సెకన్లు కూడా ఓర్చుకోలేక "నాలుగైనా పర్లేదు" అనేశా. "సరే సార్, నాలుగు. పాన్ నంబరు పంపండి" అన్నారు. ఫోను పెట్టేముందు, పాడు నోరు, ఆగలేదు. "శాలువా గట్రా..." అన్నా. "అట్లాంటివి ఉండవు సార్. పేమెంటు ఇస్తున్నాం కదా."

ఆ రాత్రి అల్లూరులో ఉన్న మా అమ్మకు ఫోను చేసి చెప్పా, నాలుగు వేలు ఇస్తున్నారని. సంతోషించింది. కాసేపాగి అడిగింది: "శాలువా కప్పరా నాయనా? ఏం, వాళ్లకు నువ్వంటే గౌరవం లేదా ఏంది?"

నాకు నిద్ర పట్టలేదు. నువ్వు లేని ఫొటో బంధువుల గ్రూపులో పెడితే, ఎక్కడో మైకు ముందు నిలబడి వన్ టూ త్రీ అని పరీక్ష చేసుకుంటున్నాననే అనుకుంటారు.

అందుకని ఈ విన్నపం. శనివారం పొద్దున బస్సుకు ఒంగోలు పోతున్నా. సంచిలో నువ్వు కూడా వస్తున్నావు. ప్రసంగం అయ్యాక, డబ్బులు అందాక, వాళ్ల ఆఫీసు బాయ్‌ని పక్కకు పిలిచి నిన్ను నా భుజాల మీద వేయించుకుని ఒక ఫొటో తీయించుకుంటా. అతనితో ఫోనులో మాట్లాడేశా. 200 అడిగాడు, చెప్పాక నోరు మూసుకుని కూర్చున్నాడు. నేనే ముందు మాట్లాడా. 200కే ఖాయమైంది, సగం అడ్వాన్సు ఫోన్‌పేలో పంపించా.

మెరూన్‌వాళ్లు ఎవరూ బయల్దేరవద్దు. ఆకుపచ్చ నువ్వు రా, ఇస్త్రీ చేయించి పెట్టా.

ఇట్లు,
తమ విధేయ భుజం