కోరం గారికి, ఇంకా కోరుకుంటున్న ఒక జీవిత సభ్యుడు

మహారాజశ్రీ కోరం గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేం 19 మందిమీ క్షేమం. తమరి క్షేమసమాచారమే తెలియడం లేదు. సభ చెల్లాలంటే కనీసం ఇంతమంది ఉండి తీరాలనే లెక్కే కదా తమరు. మొన్న ఆదివారం మా ఆంగ్ల భాషాశాస్త్ర సంఘం సర్వసభ్య సమావేశానికి తమరు ఈసారీ వేంచేయలేదు. వరసగా ఇది అయిదో ఏడు.

నేను వచ్చానండీ. శనివారం రాత్రి ఒంగోలులో బస్సెక్కి, కాళ్ళు చాపుకోలేని సీట్లో తెల్లవార్లూ జాగారం చేసి, హైదరాబాద్‌లో దిగి, బస్టాండులో మొహం కడుక్కుని పదిన్నరకల్లా హాలు ముందు నిలబడ్డాను. హాలుకి తాళం. తాళంచెవి ఉన్న కార్యదర్శి గారు పదకొండుకి పది నిమిషాలుందనగా వచ్చారు. చివరికి తేలిన తలకాయలు 19. అందులో 11 మంది కార్యవర్గమే. నలుగురు రీసెర్చ్ స్కాలర్లు, గైడ్ గారు రమ్మన్నారని. ఒకాయన భార్యని కారులో దింపడానికి వచ్చి, లోపల ఏసీ ఉందని కూర్చున్నారు. ఆయన చేత కూడా రిజిస్టర్లో సంతకం పెట్టించారు. ఒకావిడ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇస్తారనుకుని వచ్చారు. మిగిలింది నేనూ, రిటైరైన మా మాస్టారూ.

తమరికి కావలసింది 39. అంటే 386 మంది జీవిత సభ్యుల్లో పదో వంతు. ఆ జీవిత సభ్యుల్లో జీవితం ముగిసినవాళ్ళే ఓ నలభై మంది ఉంటారు. పేర్లు కొట్టేయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. వాళ్ళ వాటా కింద బతికున్నవాళ్ళం ఏటా నలుగురం ఎక్కువ రావాలి. (చందా వెనక్కివ్వమని వాళ్ళెవరూ అడగలేదు కాబట్టి సభ్యులే అని కోశాధికారి గారి వాదన.)

సరిగ్గా 11 గంటలకి అధ్యక్షులు లేచి, "కోరం లేనందున సభని అరగంట వాయిదా వేస్తున్నాను" అన్నారు. ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు. సమోసాల ట్రే మాత్రం కదిలింది. సర్టిఫికెట్లు లేవని తెలిసి ఆవిడ టీ తాగి వెళ్ళిపోయారు. 11:30కి అధ్యక్షులు మళ్ళీ లేచి, "వాయిదా పడిన సమావేశానికి కోరం అక్కర్లేదు, నియమావళిలో ఉంది" అన్నారు. 11:37కల్లా పాత కార్యవర్గమే ఏకగ్రీవంగా మళ్ళీ ఎన్నికైపోయింది. కరతాళధ్వనులు. వేదిక మీది 11 మందీ కొట్టారు.

అయ్యా, నా సందేహం ఒక్కటే. ఆ అరగంటలో ఏం జరిగింది? 11 గంటలకి చాలని 19 మంది, 11:30కి 18 మందై ఎలా సరిపోయారు? సమోసా తింటే సభ్యుడి విలువ రెట్టింపవుతుందా? అలాగైతే తలా రెండు పెట్టించి రాజ్యాంగ సవరణ కూడా చేయించుకోవచ్చు కదా.

లాభం కోసం పుట్టిన కంపెనీలకే తమరంటే ఇంతకన్నా గౌరవం ఉందండీ. 2013 కంపెనీల చట్టం ప్రకారం అరగంట చూసినా కోరం రాకపోతే, బోర్డు వేరే తేదీ చెప్తే తప్ప, సభ వచ్చే వారం అదే రోజుకి, అదే వేళకి, అదే చోటికి వాయిదా. అప్పుడు కూడా అరగంట చూసి, ఇక రారని తేలాక వచ్చినవాళ్ళనే కోరం అనుకుంటారు. వాళ్ళు తమరి కోసం వారం ఆగుతారు. విద్వాంసులం మేం, ఒక టీ చల్లారేదాకా కూడా ఆగలేం. పోనీ లోక్‌సభనే చూడండి, అక్కడా తమరిది పదో వంతే. చాలకపోతే సభ వాయిదా వేయాలి, లేదా కోరం వచ్చేదాకా ఆపి ఉంచాలి అని రాజ్యాంగం నూరో అధికరణం. గంట మోగిస్తారు, సభ్యులు లోపలికి వస్తారు. మాకు గంట లేదు, టీ గ్లాసు మీద స్పూనుతో కొడతారు. దానికి వచ్చేది సమోసాలే.

ఈ మాట నేను లేచి అడిగాను కూడా. నియమావళి అయిదో క్లాజులో ఇంగ్లీషున "షల్" అని ఉంది కదా సార్, కోరం లేకుండా నిర్ణయాలు తీసుకోరాదని కదా అన్నాను. మా అధ్యక్షులు పీహెచ్‌డీ చేసిందే ఇంగ్లీషు సహాయక క్రియల మీద. "షల్", "మే", "మస్ట్" ల మధ్య తేడా చెప్పమంటే ఆయన మూడు గంటలు ఊపిరి తీసుకోకుండా చెప్తారు. ఆ రోజు మూడు సెకన్లలో తేల్చేశారు: "ఇక్కడ షల్ అంటే మే అని అర్థం చేసుకోవాలి." తప్పనిసరి కాస్తా ఇష్టముంటే అయిపోయింది. ఒక జీవితకాలం పరిశోధన అలా సమోసా కాగితంలో చుట్టి పారేశారు.

సరే, ఆ అరగంట క్లాజే తీసేద్దాం అన్నాను. తీసేయాలంటే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టాలట. ప్రత్యేక సమావేశానికి అరగంట వెసులుబాటు లేదట. పూర్తి కోరం ఉండాలట! అంటే తమరు లేకపోయినా నడిచే పద్ధతిని మార్చాలంటే తమరు రావాలి. తమరు వచ్చే పక్షంలో మార్చాల్సిన అవసరమే లేదు. ఈ ముడి వేసినవాడెవడో గాని, వాడికి మా సంఘం ఇంతవరకూ ఒక్క శాలువా కప్పకపోవడం అన్యాయం.

తమరి పూర్వచరిత్ర వింటే ఇంకా కడుపు మండుతుంది. లాటిన్‌లో తమరి పేరుకి అర్థం "ఎవరిలోనైతే" అని. పూర్వం ఇంగ్లండులో రాజుగారు న్యాయాధికారుల్ని నియమిస్తూ లాటిన్‌లో ఫర్మానా ఇచ్చేవారు: వీరిలో ఫలానావారు ఒక్కరైనా ఉండి తీరాలి అని. అంటే తమరు అంకె కారు, మనిషి. ఎవరు లేకపోతే పని జరగదో ఆ మనిషి. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పాత్ర తన బంధువైన న్యాయాధికారి హోదా గొప్పగా చెప్పబోయి, తమరిని "క్వోరమ్" అనకుండా "కోరమ్" అని పలికేశాడు. మన తెలుగువాళ్ళ ఉచ్చారణకి నాలుగు వందల ఏళ్ళ సాక్ష్యం ఉందన్నమాట. కాకపోతే మనం అక్కడితో ఆగలేదు. "కోరం" అంటే మాకు అచ్చ తెలుగులో ఇంకో అర్థం ఉంది: మేం కోరుకోం. మా కార్యవర్గం ఆ వ్యుత్పత్తినే ప్రామాణికంగా తీసుకున్నట్టుంది.

లోగో రంగు నిర్ణయించడానికి ముగ్గురితో కమిటీ వేసి నాలుగేళ్ళయింది, అది వేరే కథ. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ కూడా ముగ్గురితోనే ఒక కమిటీ వేసింది, నిఘంటువుల్లోకి ఎక్కని మాటలు ఏరమని. ఆ పని పెరిగి పెరిగి 1928 నాటికి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువై తేలింది. మా ముగ్గురూ నీలమా, ముదురు నీలమా అన్న దగ్గరే ఉన్నారు.

ఇదంతా మింగేసేవాణ్ణే. మంగళవారం వాట్సాప్ గ్రూపులో మినిట్స్ పెట్టారు. మొదటి వాక్యం: "కోరం సరిపోయినందున సమావేశం ఉదయం 11 గంటలకు ప్రారంభమైనది."

సరిపోయినందున!

ఆ దిక్కుమాలిన అరగంట కూడా మిగల్లేదు. సవరించండి సార్ అని రాశాను. కార్యదర్శి గారు దండం బొమ్మ పెట్టారు. దాని కింద వరసగా పద్నాలుగు "అభినందనలు సర్". వాళ్ళలో ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఇద్దరు.

ఏమయ్యా కోరం, నీకు సిగ్గనిపించడం లేదా? నువ్వు గడప తొక్కని సభలో నువ్వొచ్చావని రాసుకుంటుంటే నోరు విప్పవేం? నీ దొంగ సంతకంతో జాబితా రిజిస్ట్రార్ ఆఫీసుకి పోతుంది. ఇంకో ఏడాది అదే పదకొండు మొహాలు. సంఘం పెట్టుకోవడానికి చట్టం ఏడుగురు చాలంది, మేం 386 మందిమి చేరి ఏడుగురంత పని చేయలేకపోతున్నాం. అనాల్సింది నిన్ను కాదులే. ఇళ్ళల్లో కూర్చుని అభినందనలు చెప్పే మమ్మల్ని అనాలి. నిజానికి నేను మాత్రం ఏం, అంతకుముందు మూడేళ్ళు వెళ్ళలేదు. ఒకసారి పెళ్ళి, రెండుసార్లు బద్ధకం.

మాస్టారు మాత్రం ఒక్క ఏడూ మానలేదు. ఆదివారం బయల్దేరే ముందు రిజిస్టర్ నా ఒళ్ళో పెట్టి చూపించారు. పొడుగాటి లెడ్జరు, అట్ట చిరిగింది, పెన్ను పోకుండా దారంతో కట్టారు. ఏటా సంతకాల పేజీ అంచున పెన్సిల్‌తో చిన్నగా ఒక అంకె. ఆయన స్వయంగా తలలు లెక్కపెట్టి వేసినది. వెనక్కి తిప్పుకుంటూ పోతే 22, 26, 31, 38, 44... ఇంకా వెనక ఒకచోట 71, దాని కింద గీత. ఈ ఏడు పేజీలో 19 అని వేసి, కారాయన సంతకం దగ్గర కాసేపు ఆగి, రబ్బరుతో చెరిపి 18 చేశారు. రబ్బరు పొడి ఊది, మూసేసి, "మజ్జిగ తాగి వెళ్ళరా, ఎండగా ఉంది" అన్నారు.

వచ్చే ఏడు సభ ఎక్కడో ఇంకా చెప్పలేదు. ఎక్కడైనా నేను పదిన్నరకే వస్తాను. తమరికి రెండో వరసలో, మాస్టారి పక్కన, ఫ్యాను కింద కర్చీఫ్ వేసి ఉంచుతాను. 11:30 దాటితే నా పూచీ లేదు.

ఇట్లు,
తమరి 19వ వంతు
(మాస్టారి లెక్కలో 18వ వంతు)