ఏ ఊళ్ళో ఉన్నారో తెలియని రాజుగారి కోర్టువారికి

మహారాజశ్రీ మధ్యయుగాల జర్మన్ రాజుగారి ఆస్థాన న్యాయస్థానం వారి సముఖానికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

కవరు మీద ఊరి పేరు లేకపోవడం నా మరుపు కాదు. మీకు ఊరు లేదు. రాజుగారు గుర్రం ఎక్కితే మీరూ ఎక్కుతారు. ఆయన నూరెంబర్గ్‌లో దిగితే న్యాయం నూరెంబర్గ్‌లో, మైంజ్‌లో దిగితే మైంజ్‌లో. ఫిర్యాదుదారు సంగతంటారా, వెనకాల నడుచుకుంటూ రావచ్చు. నాకూ ఒక స్థలం తగాదా ఉంది, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరుగుతున్నాను. కానీ మా కోర్టు నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. అదీ ఒక సుఖమేనని మీ గురించి చదివేదాకా తెలియలేదు.

మీ గొప్పతనం కాదనను. 13వ శతాబ్దంలో ఐకె ఫాన్ రెప్‌గౌ రాసిపెట్టిన సాక్సన్ల ధర్మశాస్త్రం ప్రకారం, రాజు ఏ ప్రాంతంలో కాలు పెడితే అక్కడి కోర్టు ఆయనదే. నాణేల ముద్రణ, సుంకాలు కూడా ఆయనవే. స్థానిక న్యాయాధికారి పక్కకు జరిగి నిలబడాలి. రాజు ఊరు దాటగానే మళ్ళీ వచ్చి కూర్చుంటాడనుకోండి.

1235లో మైంజ్‌లో, చక్రవర్తి బిరుదు కూడా ఉన్న జర్మన్ రాజు రెండో ఫ్రెడరిక్ ఒక శాసనం చేసి మీకొక జడ్జిని ఇచ్చారు. ఆదివారాలు, పెద్ద పండగలు తప్ప రోజూ కూర్చోవాలన్నారు. రాతగాడు మాత్రం మతగురువు కాకూడదట. ఎందుకంటే మతగురువు చేత్తో మరణశిక్షలు రాయకూడదు. పైగా రాతలో తప్పు చేస్తే వాడికి తగిన శిక్ష వేయడానికి వీలుండాలి. ఈ నిబంధన చదివి నేను చాలాసేపు ఆనందించాను. మా స్థలం సర్వే నంబరు తప్పు రాసిన మహానుభావుడు గుర్తొచ్చాడు.

అదే శాసనంలో ఇంకోటుంది. పగ తీర్చుకోవాలంటే ముందు కోర్టుకు వెళ్ళాలి. అక్కడ న్యాయం దొరక్కపోతే పట్టపగలు శత్రువుకు కబురు పెట్టి, మూడు రోజులు ఆగి, నాలుగో రోజు మీద పడవచ్చు. అంటే మీ దగ్గర పని కాకపోవచ్చని మీకే అనుమానం. అందుకే రెండో దారి కూడా మీరే చూపించారు! ఇక ప్రభువుల ప్రాణం, పరువు, జాగీర్ల జోలికి ఆ జడ్జి వెళ్ళకూడదు. అవి చక్రవర్తి స్వయంగా చూసుకుంటారు. ఆ చక్రవర్తేమో రెండేళ్ళకే ఇటలీ దారి పట్టారు, మళ్ళీ జర్మనీ ముఖం చూడలేదు.

తర్వాత వచ్చిన రాజులు పాపం దాతలు. డబ్బు కావాలన్నా, సైన్యం కావాలన్నా, ఓట్లు కావాలన్నా చేతిలో ఉన్నది మీరే, మిమ్మల్నే ముక్కలు చేసి ప్రభువులకు పంచారు. ‘మా మనుషుల్ని మీ కోర్టుకు పిలవకూడదు’ అని ఒక కాగితం. ‘మా తీర్పు మీద మీకు అప్పీలు రాకూడదు’ అని ఇంకో కాగితం. 1356లో చక్రవర్తి నాలుగో చార్లెస్ తన బంగారు శాసనంలో రాజును ఎన్నుకునే ఏడుగురికీ ఈ రెండూ దఖలు పరిచారు. స్థానిక కోర్టు అసలు న్యాయమే చేయనంటే తప్ప మీ గడప తొక్కే పని లేదు. ఆ ఏడుగురిలో బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం) రాజు ఒకరు. బొహీమియా రాజు ఎవరంటే, చార్లెస్‌గారే. రాజుగారి కోర్టుకు వెళ్ళక్కర్లేదని రాజుగారు తనకు తానే రాసిచ్చుకున్నారు. ఇంతకన్నా నమ్మకమైన కక్షిదారు మీకెక్కడ దొరుకుతాడు?

ఆ ఏడుగురిలో తన పేరు లేదని అలిగింది చార్లెస్‌గారి అల్లుడు, ఆస్ట్రియా డ్యూక్ నాలుగో రుడాల్ఫ్. అలిగి ఊరుకునే రకం కాదు. 1358-59లో ఆస్ట్రియాకు ఉన్న ప్రత్యేక హక్కుల దస్తావేజులు తనే పుట్టించాడు. సాక్షిగా ప్రాచీన రోమ్ ఏలినవాళ్ళవి, జూలియస్ సీజర్ ఉత్తరం ఒకటి, నీరో ఉత్తరం ఒకటి! మామగారు వాటిని కవి పెట్రార్క్‌కు చూపించారు. సీజర్ తన గురించి ‘మేము’ అని రాసుకునేవాడు కాదు, ‘ఆగస్టస్’ బిరుదు ఆయన తర్వాతివాళ్ళది, ఇదంతా దొంగ సరుకని 1361లో పెట్రార్క్ తేల్చేశాడు. అయితేనేం, 1453లో మూడో ఫ్రెడరిక్ చక్రవర్తి హోదాలో వాటికి ముద్ర వేసి అసలు చేశారు. ఆయనదీ రుడాల్ఫ్ వంశమే లెండి.

అప్పటికి మీరు లేరు. 1451 తర్వాత మీ పేరు మీద కేసులు కనబడవు. చనిపోయారని ఎవరూ ప్రకటించలేదు, అందరి దగ్గరా మీ కోర్టుకు రానక్కర్లేదన్న కాగితం ఉండటంతో ఎవరూ గమనించి ఉండరు.

ఒక్క వెస్ట్‌ఫేలియా అనే జర్మన్ ప్రాంతంలో మాత్రం మీ పేరుకు ఇంకా గిరాకీ ఉండేది. అక్కడి రహస్య న్యాయసభలు ‘మాది రాజు ఇచ్చిన అధికారం’ అంటూ ఉరిశిక్షలు వేసేవి. 1470లో ఆ సభల పెద్దలు ముగ్గురు కలిసి, విచారణకు హాజరు కమ్మని సాక్షాత్తు మూడో ఫ్రెడరిక్ చక్రవర్తికే సమన్లు పంపారు. ఆయన ఇచ్చిన అధికారంతో, ఆయనకే!

సీజర్ ఉత్తరం ఆయన పెట్టెలో ఎలాగూ ఉంది. తీసి చూపిస్తే ఆ ముగ్గురూ ఏమనేవారో.

ఇట్లు,
తమ విధేయుడు,
సోమవారం వాయిదా ఉన్నవాడు