నాలుగు వైఫై కెమెరాలతోని బిల్డింగ్ కాపాడలేం: ఆ వాట్సాప్ మెసేజ్‌కు నా జవాబు

రెండు వారాల నుంచి హన్మకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్ గ్రూపులల్ల ఒకటే మెసేజ్ తిరుగుతుంది. "లక్షలు పోసి పెద్ద సిస్టమ్ ఎందుకు, నాలుగు వైఫై కెమెరాలు కొని మెమరీ కార్డులు వేస్కోండి, మెయిన్ డోర్‌కు వేలిముద్ర లాక్ పెట్టండి, వాచ్‌మన్ జీతం మిగులుతది, తర్వాత ఎన్ని కావాలంటే అన్ని కెమెరాలు కలుపుకోవచ్చు" అని. పన్నెండేండ్ల నుంచి నిచ్చెనెక్కి కేబుల్ గుంజుతున్నోన్ని, నాకు కడుపుల మండి రాస్తున్న. ఇంట్ల చంటిపిల్లను చూస్కోనీకి వైఫై కెమెరా మంచిదే, కాదనను, కానీ ఇరవై ఫ్లాట్ల బిల్డింగ్‌కు ఆ లెక్క నడవదు.

ముందుగాల మెమరీ కార్డు సంగతి. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డ్ చేస్తే రోజుకు 21.6 జీబీ అయితది, అంటే 128 జీబీ కార్డు ఆరు రోజులు కూడ రాదు, నిండినంక పాతది చెరిపి దాని మీదనే రాస్కుంటది. ఒక అపార్ట్‌మెంట్ల ఒక పెద్దాయన మేడారం జాతరకు పోయి, అటునుంచే చుట్టాలింటికి పోయి, తొమ్మిదో రోజు వచ్చి చూస్తే కింద స్కూటర్ లేదు. నన్ను పిలిచిన్రు, కార్డు తీసి చూసిన, ఆ రోజులే లేవు. ఆయన ముఖం నాకింకా యాదికుంది. ఇంకోటి, దొంగ ఆ కెమెరానే పీక్కపోతే కార్డు కూడ దానితోనే పోతది కదా. వంద మంది పోగయ్యే షాపులు, ఫంక్షన్ హాళ్లకు 2013ల వచ్చిన ప్రజా భద్రత చట్టమే 30 రోజుల వీడియో దాచాలె అంటది, మనం కూడ అదే లెక్క పెట్టుకుంటే ఎనిమిది కెమెరాలకు 5 టీబీ దాటుతది, అన్ని కెమెరాల వీడియో ఒక్కకాడ దాచే రికార్డర్ డబ్బా పెట్టి అండ్ల 6 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీలు) డిస్కు వేస్కోవాలె. రికార్డర్ సెల్లార్ల పెట్టకండి, 2023 జులై వానలకు ఒక సెల్లార్ల నుంచి బురదతోని సహా రికార్డర్ బయటికి తీసిన నేను. దాని టైమ్ కూడ నెలకోసారి చూడండి, కోర్టుకిచ్చే వీడియోకు 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచెయ్యాలె, అండ్ల టైమ్ నలభై నిమిషాలు తప్పుంటే ఎవరికి సమాధానం చెప్తరు?

"తర్వాత కలుపుకోవచ్చు" అన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. సెల్లార్ స్లాబు దాటి వైఫై సరిగ దిగదు, ఫ్లాట్ల రౌటర్లన్ని అదే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద కొట్లాడుతుంటయి, కెమెరాలు పెరిగినకొద్దీ బొమ్మ ఆగాగి వస్తది. సరే అని చౌకగ నాలుగు ఛానెళ్ల (అంటే నాలుగు కెమెరాలకే జాగున్న) రికార్డర్ తీస్కున్నా అండ్ల ఐదోది ఎక్కదు, కొత్తది కొనుడే. పెరగాలంటే ఎనిమిది కెమెరాలకే పదహారు ఛానెళ్ల ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల రికార్డర్) తీస్కోవాలె, కెమెరాల కేబుళ్లన్ని కలిసే నెట్‌వర్క్ స్విచ్‌ల పోర్టులు ఖాళీ ఉంచాలె, ప్లాస్టరింగ్ కాకముందే కేబుల్ పైపులు వేయించాలె. పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లనే కరెంటు కూడ పంపేది) అయితే కరెంటు, వీడియో రెండూ ఒక్క క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్లనే పోతయి కాబట్టి స్విచ్, ఎన్‌వీఆర్ ఉన్నకాడ ఒక్క యూపీఎస్ పెడితే కరెంటు పోయినా కెమెరాలన్ని నడుస్తయి. ఆ కేబుల్ 100 మీటర్ల దాంకనే పనిచేస్తది, రెండు బ్లాకులు దూరమున్నయంటే మధ్యల ఫైబర్ వేయాలె.

పాస్‌వర్డ్ మాట ఆ మెసేజ్‌ల లేనే లేదు. 2016ల మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రికార్డర్లల్ల దూరింది. పెట్టిన రోజే మార్చండి.

వేలిముద్ర లాక్ అందరికి పనిచెయ్యదు, గిన్నెలు తోమే చేతులకు, ముసలోళ్ల చేతులకు గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. అందరికి ఒకటే పిన్ ఇస్తే నెలల పాలోనికి కూడ తెలుస్తది. తలుపు కాడ చూపిస్తే తెరుచుకునే కార్డు మేలు, పనామెకు పొద్దున ఏడు నుంచి పదకొండు దాంకనే తెరుచుకునేటట్టు పెట్టొచ్చు, పోతే ఆ ఒక్కటే తీసెయ్యొచ్చు, కాకపోతే పాత 125 కిలోహెర్ట్జ్ కార్డులు తీస్కోకండి, వాటికి డూప్లికేట్ చేసుడు మస్తు అల్కగ. మ్యాగ్నెట్ లాక్ కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటది, పోతే తలుపు తెరుచుకుంటది, అందుకే బ్యాటరీ ఉండాలె, కానీ మంటలంటుకుంటే మాత్రం ఆ బ్యాటరీని కూడ కట్ చేసి తెరవాలె, అందుకు లోపలి దిక్కు ఎమర్జెన్సీ స్విచ్ తప్పకుంట ఉండాలె. దీంట్ల పైసలు చూస్కోకండి, పిల్లలు ముసలోళ్లు లోపలుంటరు.

ఇగ వాచ్‌మన్. కెమెరా చూపిస్తది, ఆపదు. అర్ధరాత్రి ఎవరికన్న ఆయాసమొస్తే కిందికి దింపి ఆటో పిలిచేది ఆయనే. జీతం తీసేసుడు కాదు, ఆయన రూముల ఒక మానిటర్ పెట్టియ్యండి, డోర్ తెరిచే బటన్ ఆయన చేతికియ్యండి.