మహారాజశ్రీ నడుము గారికి

మహారాజశ్రీ నడుము గారి దివ్యసముఖమునకు వంగి నమస్కరించి వ్రాయునది. వంగడం మర్యాద కొద్దీ అనుకునేరు. నిటారుగా నిలబడి నమస్కరించే వీలు తమరు ఉంచలేదు కాబట్టి. ఉభయకుశలోపరి అని కూడా రాయాలి గానీ, ఉభయుల్లో ఒక్కరూ కుశలంగా లేరు. ఆ ముక్క వదిలేస్తున్నాను.

నిన్న ఆగస్టు 15. మా పాత బడిలో జెండా వందనానికి అతిథిగా పిలిచారని పదో తారీఖునే తమరికి మనవి చేసుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు తమరు ఎంత బుద్ధిగా ఉన్నారని! పాల ప్యాకెట్టుకి వెళ్ళొచ్చాను, అరుగు మీద కూర్చుని లేచాను, చిన్న చురుకు కూడా లేదు. "తగ్గుముఖం పట్టినట్టుందే" అన్నాను మా ఆవిడతో. "పైకి అనకండీ, అది వింటుంది" అందావిడ. విన్నారు తమరు.

ఎనిమిదింటికి జెండా. నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. వీధి చివరున్న బడికి మూడున్నర గంటల ముందు లేవడమేంటి తాతయ్యా అని మనవరాలు ఒకటే నవ్వు. తమరి దర్బారు తలుపులు తెరుచుకోవడానికే గంటన్నర పడుతుందని దానికేం తెలుసు? కళ్ళు తెరవగానే లేస్తానంటే కుదరదు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు గుండెలకి లాక్కోవాలి, తర్వాత రెండోది, పదేసి సార్లు. నడుముని పరుపుకి నొక్కి పట్టి వదలాలి. అప్పుడు దుంగలా పక్కకి దొర్లి, కాళ్ళు మంచం దించి, మోచేత్తో ఒంటిని పైకి నెట్టుకోవాలి. ఇదంతా నేర్పింది పాతికేళ్ళు నిండని ఫిజియోథెరపీ అమ్మాయి. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత డ్రిల్లు చేయించిన నాకు మంచం దిగడం నేర్పింది. ఆ మాటకొస్తే బాగానే నేర్పింది.

తర్వాత వేడినీళ్ళ సంచి ఓ పావుగంట. తర్వాత గోడ పట్టుకుని పాదయాత్ర. పొద్దున్నే ఈ బిగుసుకుపోవడమేమిటని డాక్టరు గారిని అడిగితే, రాత్రంతా వెన్నులో డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయన్నారు. అందుకే తెల్లారేసరికి మనిషి ఓ సెంటీమీటరు పొడుగ్గా కూడా ఉంటాడట. ఈ వయసులో పొడుగు ఎవడడిగాడండీ? అంటే రాత్రంతా నన్ను మినప్పప్పులా నానబోసి, తెల్లారగట్ల రుబ్బుతున్నారన్నమాట.

సాక్సుల సంగతి రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నాక సాక్సులు, బూట్లు మా ఆవిడ తొడిగింది. లేసులు ఊడిన పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించినవాణ్ణి, కాళ్ళు చాపుకుని కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ముడి వేస్తూ ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

అసలు తమరి నేరం ఏమిటో స్కానింగులో బయటపడింది. "కెనాల్ స్టెనోసిస్" అన్నారు. అంటే కాలువ ఇరుకైపోయిందట, నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య. కోనసీమ వాడికి కాలువ ఇరుకవడం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేసి మాకు కాలువలిచ్చాడు. మేం అటు గట్టు మీద ఓ పాక, ఇటు గట్టు మీద ఓ బడ్డీ కొట్టు వేసుకుంటూ వచ్చాం. తమరి గట్ల మీదా అదే తంతు. ఓ పక్క కీళ్ళ ఎముక పెరిగింది, ఇంకో పక్క లిగమెంటు దళసరెక్కింది, మధ్యలోకి డిస్కు తోసుకొచ్చింది. ఆ ఇరుకులోంచే కాళ్ళకి వెళ్ళే నరాలన్నీ పోవాలి. ఆ నరాల గుత్తికి డాక్టర్లు గుర్రం తోక అని పేరు పెట్టుకున్నారట. మా ఊరి కాలువలో గుర్రపుడెక్క, నా కాలువలో గుర్రం తోక. గుర్రం మాత్రం ఎక్కడా లేదు, ఈ బండిని నేనే లాగుతున్నాను.

పూడిక తీయాలంటే ఆపరేషనేనట, ఇప్పుడే తొందర లేదన్నారు. ఒంటేలు మీద పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా అర్ధరాత్రయినా సరే రమ్మన్నారు. ఈలోగా మా బావమరిది వావిలాకు నీళ్ళు పోసుకోమంటాడు. వాట్సాప్‌లో ఒకాయన ఇసుక కాపడం అంటాడు, ఇంకొకాయన బెల్టు అంటాడు. బెల్టు కొన్నాను. వేసుకుంటే కవాతుకి బయల్దేరిన హోంగార్డులా ఉన్నానంది మనవరాలు.

ఇవన్నీ క్షమించేవాణ్ణి. క్షమించలేనిది ఒక్కటే.

నిటారుగా నిలబడితే ఆ కాలువ ఇంకా ఇరుకవుతుందట. వంగితే కాస్త వెడల్పవుతుందట. ఇదెక్కడి న్యాయమండీ? ఆ బడిలో నాకు పీఈటీ అన్న పేరే లేదు, "వెన్ను మాస్టారు" అనేవాళ్ళు. ప్రార్థన వరసలో వెనక నుంచి వచ్చి "ఒరేయ్, వెన్ను!" అంటే కోతి వెధవ కూడా కర్రలా నిలబడేవాడు. అలాంటి నాకు ఇప్పుడు వంగితేనే సుఖం. అమలాపురం సూపర్ మార్కెట్లో తోపుడు బండి మీద వాలి గంట తిరిగొస్తాను, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సైకిలు హ్యాండిల్ మీదికి వంగి మూడు కిలోమీటర్లు తొక్కుతాను. అదే సైకిలు దిగి వంద అడుగులు నడవమంటే చాలు, పిరుదులోంచి పిక్కదాకా నిప్పులు. ఎదురింటాయన ఇది చూసి "మాస్టారి నడుం నొప్పి భలేదండీ, సైకిలెక్కితే తగ్గిపోతుంది" అని బజారంతా చెప్పాడు. ఆయనకి తమరి స్కానింగు ఫిల్ము చూపించడమొక్కటే తరువాయి.

నిన్న ఎనిమిదింటికే అందరం వరసలో నిలబడ్డాం. జెండా ఎగరేయాల్సిన పెద్దాయన ఎనిమిదీ ఇరవై అయిదుకి వేంచేశారు. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించారు. నేను కూర్చోలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. జెండా ఎగిరింది. జాతీయ గీతం 52 సెకన్లు. ఆ 52 సెకన్లూ దోమ కుట్టినా కదలకూడదని ఆ గ్రౌండులో కొన్ని వందల మందికి నేర్పినవాణ్ణి. ఇరవయ్యో సెకనుకి ఎడమ పిక్కలో మంట. ముప్ఫయ్యో సెకనుకి ఆ కాలు నాది కాదు. నలభయ్యో సెకనుకి, ఇందాక వద్దన్న ఆ కుర్చీనే రెండు చేతులా పట్టుకుని వంగిపోయాను.

గీతం అయిపోగానే ఏడో తరగతి వరసలోంచి ఎవడో సన్నగా అన్నాడు: "వెన్ను!"

వాడు పుట్టేటప్పటికే నేను రిటైరయ్యే వయసుకి వచ్చేశాను. ఆ మాట వాడికి వాళ్ళ నాన్న నేర్పుంటాడు. ఆ నాన్నకి నేర్పింది నేను.

పన్నెండు సెకన్లే కదా! ఇంకో పన్నెండు సెకన్లు ఓర్చుకుంటే నీ సొమ్మేం పోయేది? మాత్రలు వేస్తున్నాను, కాపడం పెడుతున్నాను, కింద పరుపు మార్చాను, పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పసిపిల్లాడిలా నిద్రపోతున్నాను, ఎవరి కోసం? నలభై గజాల దూరంలో పిల్లలు చూస్తుండగా నన్ను వంచి పారేస్తావా? తమరూ గిమరూ లేదు ఇక. నీతో మాటల్లేవు.

రాత్రి ఆ మాట అనుకునే పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పట్టనిచ్చేది నువ్వే కదా.

1996 నవంబరు 6 రాత్రి గుర్తొచ్చింది. తుపానుకి ఇంటి పెంకులు లేచిపోతుంటే, నీళ్ళల్లో అమ్మని వీపున వేసుకుని ఈ బడికే వచ్చాం. అమ్మ బరువు, ఎదురుగాలి. అప్పుడు నిటారుగా ఉంటే వెనక్కి పడిపోయేవాళ్ళం. బాగా వంగి నడిచాం, నువ్వూ నేనూ. దారంతా ఒక్కసారి మూలగలేదు నువ్వు. ఆ రాత్రి నన్ను "వెన్ను!" అని ఎవరూ అనలేదు.

సరే. వేడినీళ్ళ సంచి పొయ్యి పక్కనే ఉంది. తెల్లారి మొదట కుడి మోకాలు, తర్వాత ఎడమది.

ఇట్లు,
నీ పైన ఉండేవాడు

తా.క. హెడ్మాస్టరు గారు ఇందాక ఫోన్ చేసి జనవరి 26కి కూడా రమ్మన్నారు. కుర్చీ వేయించమని చెప్పి, వస్తానన్నాను. నిన్ను అడగలేదు.