అబ్బాయి వీసాలో అమ్మాయి బతుకు

అమెరికా సంబంధం అనగానే పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. ఏ కంపెనీ, ఎంత ప్యాకేజీ, ఏ ఊళ్లో ఉంటాడు, ఇల్లు కొన్నాడా అని అడిగాక చివర్లో వీసా సంగతి వస్తుంది. 'హెచ్‌వన్' అనో 'గ్రీన్‌కార్డు' అనో జవాబు రాగానే పెద్దలు తలూపి జాతకాల్లోకి వెళ్లిపోతారు. ఆ మాటను అబ్బాయి హోదాకు కొలతగా వింటారే తప్ప, రేపు అక్కడ విమానం దిగే అమ్మాయి ఉద్యోగం చేయగలదా, కాపురం చెడితే ఆ దేశంలో ఎన్నాళ్లు నిలవగలదు అన్న ప్రశ్నలకు జవాబు కూడా అందులోనే ఉందని ఎవరికీ తట్టదు. వలస పెళ్లిలో భర్త వీసా తరగతి అనేది శుభలేఖలో అచ్చు కాని షరతు. కట్నకానుకల మీద గంటలు గంటలు మాట్లాడే కుటుంబాలు దీని మీద పది నిమిషాలు కూడా వెచ్చించకపోవడమే నా ఫిర్యాదు.

గ్రీన్‌కార్డు సంబంధం హెచ్‌వన్ కంటే ఒక మెట్టు పైన అని మన దగ్గర గట్టి నమ్మకం. స్థిరత్వం మాటకొస్తే అది నిజమే. కాని పెళ్లయిన అమ్మాయి ఎంత త్వరగా భర్త దగ్గరకు చేరుతుందని చూస్తే లెక్క తిరగబడుతుంది. ఉద్యోగ వీసా హెచ్‌-1బి (మనవాళ్ల 'హెచ్‌వన్') మీద ఉన్నవాడి భార్య, ఆమెకిచ్చే హెచ్‌-4 వీసాకు దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూ స్లాట్ దొరికితే కొన్ని వారాల్లోనే వెళ్లిపోవచ్చు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకున్నవాడు మాత్రం భార్య కోసం ఐ-130 అనే దరఖాస్తు వేయాలి, ఆమె ఎఫ్‌2ఎ అనే కుటుంబ కోటా వరుసలో నిలబడాలి. ఆ కోటాకు ఏటా ఒక పరిమితి ఉంది కాబట్టి నిరీక్షణ ఏళ్లలో నడుస్తుంది. ఈలోగా విజిటర్ వీసా మీద ఒకసారి చూసి వద్దామన్నా, అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని ఐ-130 దరఖాస్తే చెబుతుంది కనుక కాన్సులేటు కాదనే అవకాశమే ఎక్కువ. పౌరసత్వం ఉన్నవాడి భార్యకు కోటా పరిమితి లేదు, అయినా కాగితాలు కదిలి రావడానికి ఏడాది దాటడం మామూలే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు పొందుతున్న వ్యక్తికి, అది మంజూరయ్యే నాటికే పెళ్లి అయి ఉంటే, భార్య అతడి వెంబడే అదే కోటాలో గ్రీన్‌కార్డుకు అర్హురాలవుతుంది. మంజూరైన మర్నాడు తాళి కట్టినా ఆమె ఎఫ్‌2ఎ వరుసకు వెళ్లాల్సిందే. తారాబలం, చంద్రబలం చూసి నిమిషాలతో సహా ముహూర్తం పెట్టించే మనం, గ్రీన్‌కార్డుకు పెట్టే చివరి దరఖాస్తు ఐ-485 ఆమోదానికి అటూ ఇటూ ఒక్క రోజు తేడా వస్తే కొన్నేళ్ల విరహం మీద పడుతుందని పురోహితుడికీ చెప్పం, వకీలునూ అడగం.

ఈ తొందర తెలిసిన కొందరు మరో దారి పడుతున్నారు. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకుని, వీసా పని నడిపించుకుని, అసలు పెళ్లి ఆరేడు నెలల తరువాత మంచి రోజు చూసుకుని చేస్తారు. ఈ అలవాటు గురించి సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో నేరుగానే మాట్లాడింది. ఇద్దరు పైలట్లు క్రతువు లేకుండానే సర్టిఫికెట్ తెచ్చుకున్న కేసు అది. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి జరగాలంటే ఏడో సెక్షన్ చెప్పే క్రతువులు జరిగి తీరాలని, జరిగిన పెళ్లికి రుజువుగానే రిజిస్ట్రేషన్ పనికొస్తుందని, జరగని పెళ్లిని అది పుట్టించలేదని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం తేల్చింది. విదేశీ వీసాల కోసం ఇలా ముందుగా రిజిస్టర్ చేయిస్తున్న తల్లిదండ్రులను కూడా అందులో హెచ్చరించింది. మనం అమాయకంగా 'రిజిస్టర్ మ్యారేజ్' అని పిలుచుకునే ఆ కాగితం, తరువాత అబ్బాయి అడ్డం తిరిగితే, అమ్మాయిని భార్యగా నిలబెట్టలేకపోవచ్చు. తొందర నిజంగా ఉంటే ప్రత్యేక వివాహ చట్టం ఉండనే ఉంది. దాని కింద ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి గాని, అక్కడ జరిగే పెళ్లికి సప్తపదితో పని లేదు.

ఇక కాగితాల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలోనే 2002లో వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా దాన్ని తప్పనిసరి చేయమంది. అయినా మన ఇళ్లలో ఆ సర్టిఫికెట్ గుర్తుకొచ్చేది వీసా ఫారం ముందు పెట్టుకున్నాకే. అప్పుడు బయటపడేది తెలుగువాళ్ల సొంత సమస్య, ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్ గడిలో కూర్చుంటుంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా కొడితే పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. మా బంధువుల అమ్మాయి ఒకతె అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా అదే పేరుతో తిరుగుతోంది. క్లినిక్‌లో నర్సు 'ఫ్నూ' అని పిలిస్తే లేచి వెళ్లడం అలవాటైపోయిందని నవ్వుతూ చెప్పింది. పెళ్లి ఖాయమైన వారమే పాస్‌పోర్టు తీసి ఆ గడులు చూసుకుంటే తప్పిపోయే తిప్పలు ఇవి.

ఆ అమ్మాయే స్టాంపింగ్‌కు, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడానికి, వెళ్లేటప్పుడు ఇల్లంతా కలిసి మూడు కిలోల పెళ్లి ఆల్బమ్ సర్దింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో వేలిముద్రలు, మర్నాడు నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూ. పెళ్లి ఎక్కడ జరిగింది, ఆయన ఏం పని చేస్తాడు, అంతే, రెండే ప్రశ్నలు. ఆల్బమ్ సంచిలోంచి బయటకు రానే లేదు. అంత తేలిక రోజులు ఇప్పుడు లేవు. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే డ్రాప్‌బాక్స్ సౌకర్యం దాదాపు పోయింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా చూడటం మొదలుపెట్టారు. దానితో మన దేశంలోని కాన్సులేట్లలో డిసెంబరు స్లాట్లు మార్చికీ ఆ పైకీ జరిగిపోయాయి. మూడు వారాల సెలవు మీద పెళ్లికి వచ్చి, స్టాంపింగ్ కూడా ముగించుకుని జంటగా వెళ్దామనుకున్న పెళ్లికొడుకులు ఇక్కడే చిక్కుబడ్డారు. భార్య ప్రయాణం ఆగడం వేరు, భర్త ఉద్యోగమే ఊగిసలాడటం వేరు. స్టాంపింగ్ అవసరం ఉన్న అబ్బాయి పెళ్లి సెలవును తిరుగు టికెట్టుతో ముడిపెట్టుకోవడం ఇప్పుడు జూదమే.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకోవలసింది హెచ్‌-4 గురించి, ఎందుకంటే తెలుగు ఇళ్ల నుంచి వెళ్లే కొత్త కోడళ్లలో చాలామంది దిగేది ఆ వీసా మీదే. దాని మీద చదువుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవవచ్చు, కారు నడపవచ్చు. జీతం మాత్రం తీసుకోకూడదు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నిబంధనతో పని అనుమతి, అంటే ఈఏడీ, ఇవ్వడం మొదలైంది గాని అది అందరికీ దక్కదు. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ సాగుతున్నందువల్ల అతడి హెచ్‌-1బిని ఆరేళ్ల గడువు దాటి పొడిగించి ఉండాలి. తొలి ఏడాదిలో 1,79,600 మంది అర్హులవుతారని అప్పట్లో అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది. అనుమతి పొందినవారిలో అత్యధికులు భారతీయ మహిళలే. ఇక ఐ-140 దాకా రావాలంటే ముందు పర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ గట్టెక్కాలి, దానికే ఏడాదికి పైగా పడుతోంది. ఉద్యోగి చేరిన వెంటనే దాన్ని మొదలుపెట్టని కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి చదువు తరువాత దొరికే పని అనుమతి, ఓపీటీ, ముగించుకుని, హెచ్‌-1బి లాటరీ తగిలి, ఆ ఊపులో పెళ్లికి కూర్చున్న అబ్బాయి భార్య మూడు నాలుగేళ్లు ఇంట్లో కూర్చోవడానికి సిద్ధపడాలి. గచ్చిబౌలిలో టీమ్ లీడ్‌గా పనిచేసిన అమ్మాయి అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా లేకుండా, నెల ఖర్చులకు భర్త కార్డు మీద ఆధారపడటం ఆమెకు కొత్త. నెమ్మదిగా మాట తీరు మారుతుంది, ఇద్దరిదీ.

ఒకే వీధిలో ముగ్గురు అమ్మాయిలు ముగ్గురు అమెరికా సాఫ్ట్‌వేర్ అబ్బాయిలను చేసుకున్నారనుకోండి. ఒకబ్బాయిని కంపెనీ ఇక్కడి నుంచే ఎల్‌-1 మీద పంపింది; అతడి భార్య ఎల్‌-2 మీద దిగిన రోజు నుంచే, వేరే ఈఏడీతో పని లేకుండా, ఉద్యోగం చేయవచ్చు. 2021 నవంబరు నుంచి ఆ వెసులుబాటు ఉంది. రెండో అబ్బాయిది హెచ్‌-1బి, ఐ-140 ఇంకా లేదు. భార్యకు పని లేదు. మూడోవాడు విద్యార్థి వీసా ఎఫ్‌-1 మీద ఓపీటీలో ఉన్నాడు. అతడి భార్య ఎఫ్‌-2 మీద ఉద్యోగమూ చేయకూడదు, పూర్తి సమయం కాలేజీలోనూ చేరకూడదు. మ్యాట్రిమోనీ ప్రొఫైల్లో ముగ్గురిదీ ఒకటే మాట, 'యూఎస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్'.

చేతికొచ్చిన ఈఏడీ కూడా నిశ్చింత కాదు. ఆ నిబంధనను కొట్టేయాలని 2015లో మొదలైన దావాను 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది, 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. ఊపిరి పీల్చుకునే లోపే, పునరుద్ధరణకు వేసిన వారికి 540 రోజుల దాకా దానంతట అదే దొరికే పొడిగింపును అదే నెలాఖరున ఎత్తేశారు. కొత్త కార్డు సమయానికి రాకపోతే పని ఆపేయాల్సిందే. భర్త ఉద్యోగం పోతే ఇద్దరికీ కలిపి మిగిలేది గరిష్ఠంగా అరవై రోజులు. గ్రీన్‌కార్డు వచ్చేస్తే ఇవన్నీ తీరిపోతాయి కదా అంటే, ఉద్యోగాల కోటా ఏటా 1.4 లక్షలు, అందులో ఏ ఒక్క దేశానికైనా మామూలుగా ఏడు శాతమే. 2025 చివరికి, పై డిగ్రీలున్న ఉద్యోగుల కోటా ఈబీ-2లో భారతీయుల వరుస ఇంకా 2013లో దరఖాస్తు పెట్టినవారి దగ్గరే ఉంది.

గల్ఫ్‌కు పోయేవారిది ఇంకో కథ, అక్కడ భార్య ప్రయాణం అన్న మాటే పుట్టదు. యూఏఈలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు నాలుగు వేల దిర్హాములు, లేదా వసతితో పాటు మూడు వేలు జీతం ఉండాలి. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో లేబర్ క్యాంపుకు వెళ్లిన చాలామందికి ఆ జీతం అందదు. వాళ్ల కాపురం రెండేళ్లకోసారి వచ్చే సెలవులోనే.

కాపురం చెడినప్పుడు ఈ షరతుల పదును తెలుస్తుంది. విడాకులు ఖరారైతే హెచ్‌-4 హోదా ముగిసినట్టే. గ్రీన్‌కార్డుదారు, పౌరుడు హింస పెడితే అక్కడి చట్టం కింద భార్య తనంతట తానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్‌-1బి భర్త కొడితే ఆమెకు ఆ దారి లేదు. నేర బాధితులకిచ్చే యూ-వీసా అడగవచ్చు గాని అవి ఏటా పది వేలే, నిరీక్షణ ఏళ్ల తరబడి. హింస రుజువు చేసుకున్న హెచ్‌-4 భార్యలకు పని అనుమతి మాత్రం విడిగా ఉంది, తెలిసినవారు తక్కువ.

ఇక్కడి చట్టం ఏమంటుందో చెప్పే కేసు మన తిరుపతిదే కావడం విశేషం. 1975లో అక్కడ పెళ్లి చేసుకున్న ఒక వ్యక్తి అమెరికా వెళ్లి, మిస్సోరీ రాష్ట్ర కోర్టులో 1980లో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991 జూలైలో సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది: ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, భార్య తన ఇష్టంతో హాజరైన కోర్టు ఇస్తే తప్ప విదేశీ డిక్రీ మన దగ్గర మామూలుగా నిలవదని సూత్రం పెట్టింది. అది గొప్ప తీర్పే. కాని దాని ఫలితం అమెరికా సరిహద్దు దాటదు. అక్కడి రికార్డుల్లో ఆమె మాజీ భార్య, వీసా ఉండదు. ఇక్కడ ఇంకా భార్యే, మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. పుట్టింటికి చేరిన భార్య ఆ ఊళ్లోనే వేధింపుల కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పడం కొంత ఊరట. ప్రవాసుల భార్యల రక్షణకు చట్టం చేయమని అదే కోర్టు 1994లోనే సూచించింది. ప్రవాసుల పెళ్లిని ముప్పై రోజుల్లో రిజిస్టర్ చేయించాలన్న బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చింది, 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదిక సమగ్ర చట్టం కావాలంది. బిల్లు బిల్లుగానే ఉంది.

పార్లమెంటు సంగతి ఎలా ఉన్నా, పెళ్లిచూపుల్లో ఐ-140 అయిందా, హెచ్‌-1బి గడువు ఎప్పటిదాకా, కంపెనీ పర్మ్ మొదలుపెట్టిందా అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పే స్లిప్పు చూపించమనడానికి మొహమాటపడని పెద్దలు హెచ్‌-1బి ఆమోదపత్రం ఐ-797 దగ్గర మాత్రం ఎందుకో ఆగిపోతారు. నాకు తెలిసిన ఒక తండ్రి కిందటేడు అడిగేశాడు. అబ్బాయి తల్లి మొహం ముడుచుకుంది, 'మా వాడి మీద నమ్మకం లేదా అన్నయ్యగారూ' అంది. అబ్బాయి మాత్రం ఫోను తీసి పీడీఎఫ్ చూపించాడు. గడువు ఎనిమిది నెలల్లో అయిపోతోందని, కంపెనీ పొడిగింపు వేస్తోందని తనే చెప్పాడు. సంబంధం ఖాయం చేసుకున్నారు, ముహూర్తం మాత్రం పొడిగింపు వచ్చాకే పెట్టించారు.