64 జీబీ ర్యామ్ లేకపోతే పైప్ ఆర్గాన్ పలకదా?

చర్చిల్లో కీబోర్డు వాయించే మనవాళ్ల ఫోన్లలో వర్చువల్ పైప్ ఆర్గాన్ గురించి, అంటే అసలు పైప్ ఆర్గాన్ రికార్డింగులను కంప్యూటర్‌లో పలికించే సాఫ్ట్‌వేర్ గురించి, చాలాకాలంగా ఒక సలహా తిరుగుతోంది. సారాంశం ఇది: "64 జీబీ ర్యామ్ లేకపోతే వర్చువల్ పైప్ ఆర్గాన్ జోలికి పోవద్దు. శాంపిల్ సెట్ ఎన్ని జీబీలుంటే అంత ర్యామ్ కావాల్సిందే. 24 బిట్ కంటే తగ్గిస్తే శబ్దం పాడైపోతుంది. వాయిస్తుంటే చిటపటలు వస్తే ర్యామ్ పెంచడమే మందు. అంత డబ్బు లేకపోతే వేగమైన ఎస్ఎస్‌డీ వేసుకోండి, అదే ర్యామ్ పని చేస్తుంది."

ఇది చదివి ఆర్గాన్ నేర్చుకునే ఆలోచనే మానుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. నేనైతే ఆరేళ్లుగా 16 జీబీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ మీదే రోజూ సాధన చేస్తున్నాను. అందుకే ఈ సలహాకి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఇందులో నిజమెంతో చెప్పాలి. ఏదో ఒక చర్చిలోని అసలు ఆర్గాన్‌లో ఒక్కో పైపు శబ్దాన్ని విడివిడిగా రికార్డు చేస్తారు. ఆ రికార్డింగులన్నీ కలిపితే శాంపిల్ సెట్. హౌప్ట్‌వెర్క్ అనే సాఫ్ట్‌వేర్ గానీ, ఉచితంగా దొరికే గ్రాండ్‌ఆర్గ్ గానీ వాయించడం మొదలయ్యే ముందే ఆ శబ్దాలను ర్యామ్‌లోకి ఎక్కించుకుంటాయి. కాబట్టి ర్యామ్ ముఖ్యమే. కానీ ఎంత ఎక్కించాలో నిర్ణయించేది మనం. సలహా రాసినవారు ఈ మాటే వదిలేశారు.

"సెట్ సైజు ఎంతో ర్యామ్ అంత" అనే మాట తీసుకుందాం. కంప్రెషన్ లేని ముడి లెక్క చూడండి. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల కొలతలు), 24 బిట్ (కొలతకి మూడు బైట్లు), స్టీరియో (రెండు ఛానెళ్లు) అంటే ఒక్క సెకను శబ్దానికి 2,88,000 బైట్లు. ఒకే రకం శబ్దమిచ్చే పైపుల వరుసలో, మెట్టుకొకటి చొప్పున, 61 పైపులు. ఒక్కో పైపుకి ఆరు సెకన్ల అసలు శబ్దం, మెట్టు వదిలాక చర్చిలో మిగిలే మోతకి మూడు రికార్డింగులు కలిపి ఇంకో పది సెకన్లు అనుకుందాం. వరుసకి దాదాపు 281 ఎంబీ అవుతుంది. అలాంటివి 40 వరుసలుంటే సుమారు 11.2 జీబీ. ఆర్గాన్ దగ్గరి మైకులతో పాటు చర్చి వెనక పెట్టిన మైకుల శబ్దం కూడా ఎక్కిస్తే రెట్టింపు, అంటే 22.5 జీబీ. ఇప్పుడు వెనక మైకులు వదిలేసి 16 బిట్‌లో ఎక్కించండి. అదే ఆర్గాన్, అవే 40 వరుసలు, 7.5 జీబీలో సరిపోతాయి. కాలితో వాయించే పెడల్ వరుసల్లో పైపులు ముప్పై చిల్లరే కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే పడుతుంది. గ్రాండ్‌ఆర్గ్‌లో లాస్‌లెస్ కంప్రెషన్ ఆన్ చేస్తే నాణ్యత ఏమాత్రం పోకుండా మరికొంత దిగుతుంది. దానికి బదులుగా ప్రాసెసర్ మీద కొంచెం బరువు పడుతుంది, అంతే.

ఈ ఎంపికలను మొత్తం ఆర్గాన్‌కి ఒకేలా పెట్టాల్సిన పని కూడా లేదు. వరుసవారీగా పెట్టుకోవచ్చు. ఎప్పుడూ ముట్టుకోని స్టాప్ (వరుసను ఆన్, ఆఫ్ చేసే మీట) ఉంటే అసలు ఎక్కించకుండా వదిలేయొచ్చు.

ఇక 24 బిట్ సంగతి. 16 బిట్‌కి డైనమిక్ రేంజ్ (అతి మెత్తని, అతి గట్టి శబ్దాల మధ్య దూరం) దాదాపు 96 డెసిబెల్స్, 24 బిట్‌కి 144. అంకెలు చూస్తే తేడా భారీగా కనిపిస్తుంది. కానీ రికార్డింగులోనే గాలి మోటారు హోరు, చర్చిలోని సహజమైన సవ్వడి ఉంటాయి. చాలా వరుసల్లో అవి 16 బిట్ వల్ల వచ్చే రొదకన్నా ఎంతో పైనే ఉంటాయి. ఆర్గాన్‌లో ఒకేసారి వందల పైపులు పలుకుతాయి కాబట్టి రొద కూడా పోగవుతుందనేవారి మాటలో న్యాయం ఉంది. వంద పైపులు కలిస్తే అది 20 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే నేను సాలిషనల్, వాక్స్ సెలెస్ట్ లాంటి మెత్తని స్టాపులను 20 లేదా 24 బిట్‌లోనే ఉంచుకుంటాను. ప్రిన్సిపల్స్, మిక్స్చర్, ట్రంపెట్ లాంటి గట్టి స్టాపులన్నీ 16కి దించేస్తాను. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే కీర్తన స్వరాన్ని రెండు రకాలుగానూ వాయించి చూశాను. గట్టి స్టాపుల్లో ఏది ఏదో చెప్పలేకపోయాను.

నాకు తేడా స్పష్టంగా వినిపించింది వేరేచోట. ర్యామ్ తగ్గించుకోవాలని ఒకసారి మెట్టు వదిలాక వచ్చే మోతల్లో మూడింటికి బదులు ఒక్క పొడవాటిదే ఎక్కించాను. ట్రంపెట్ ఒక్కటే ఆన్ చేసి, మధ్య సి మెట్టును చటుక్కున తాకి వదిలాను. తాకింది క్షణమే అయినా, నాలుగు సెకన్లు నొక్కి పట్టినట్టు చర్చి మొత్తం మోగింది. నిజమైన గదిలో అలా జరగదు. చిన్న స్వరం గదిని పూర్తిగా నింపలేదు కాబట్టి దాని వెనక మిగిలే మోత కూడా చిన్నగానే ఉంటుంది. అందుకే సెట్ తయారుచేసేవాళ్లు పొట్టి, మధ్యస్థం, పొడవు అని మోతను విడివిడిగా రికార్డు చేస్తారు. సాఫ్ట్‌వేర్ మోత బలాన్ని తగ్గించి కొంత సర్దగలదు గానీ, ఫ్యూగ్ లాంటి చురుకైన రచన వాయిస్తే లోటు తెలిసిపోతుంది. లూపుల (మెట్టు పట్టి ఉంచినంతసేపు మళ్లీ మళ్లీ తిరిగే రికార్డింగు ముక్కల) విషయమూ అంతే. ఒక్క చిన్న లూపే ఉంటే పట్టి ఉంచిన స్వరం గిరగిరా ఒకేచోట తిరుగుతున్నట్టుంటుంది. కాబట్టి కోత పెట్టాలంటే నా వరస ఇది: మొదట వెనక మైకులు, తర్వాత గట్టి స్టాపుల బిట్లు, ఆ తర్వాత వాడని స్టాపులు. మోతలు, లూపులు చిట్టచివర.

"చిటపటలకు ర్యామ్ పెంచడమే మందు." ఇది డబ్బు వృథా చేయించే మాట. సెట్ మొత్తం ర్యామ్‌లో పట్టేశాక ఇంకో 32 జీబీ కలిపినా చిటపటలు పోవు. పది వేళ్లు, రెండు పాదాలు, 25 స్టాపులు ఆన్‌లో ఉన్నాయంటే ఒకేసారి 300 పైపులు. సెకనుకి రెండుసార్లు మెట్లన్నీ మారుస్తూ ఒక్కో మోత మూడు సెకన్లు నిలిచిందంటే ఇంకో 1,800. ఈ రెండు వేల పైచిలుకు శబ్దాలను ఎప్పటికప్పుడు కలిపి స్పీకర్‌కి అందించేది ప్రాసెసర్. శబ్దాన్ని ముక్కలుగా సిద్ధం చేసుకునే బఫర్‌ని 256 శాంపిళ్లు (ఇక్కడ శాంపిల్ అంటే సెకనుకి 48 వేల కొలతల్లో ఒకటి) పెడితే దానికి దొరికే గడువు 5.3 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటితే వచ్చేదే చిటపట. బఫర్ పెంచండి, సాఫ్ట్‌వేర్‌లో పాలిఫనీ (ఒకేసారి పలికే శబ్దాల) పరిమితి తగ్గించండి. ర్యామ్ కొనేటప్పుడు కూడా ఒకే పెద్ద స్టిక్ కాకుండా సమానమైన రెండు వేయండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి అది నిజంగా ఉపయోగపడుతుంది.

మా బంధువుల అబ్బాయి ఈ సలహా నమ్మి 64 జీబీ వేయించుకున్నాడు. చోటుంది కదా అని ముందు మైకులు, వెనక మైకులు అన్నీ 24 బిట్‌లో ఎక్కించాడు. చిటపటలు ఇంకా పెరిగాయి. పెరగవా మరి? ఒక్కో పైపుకి రెండేసి శబ్దాలు కలపాల్సి వచ్చింది కదా.

ఎస్ఎస్‌డీ మాట అన్నిటికంటే హానికరమైంది, ఎందుకంటే వినడానికి తెలివైన చిట్కాలా ఉంటుంది. పియానో శాంపిళ్లను డిస్క్ నుంచి అప్పటికప్పుడు లాగే సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజం. అవి ప్రతి స్వరం మొదటి ముక్కను ర్యామ్‌లో ఉంచుకుని మిగతాది డిస్క్ నుంచి తెచ్చుకునేలా రాసినవి. నేను చెబుతున్న రెండు ఆర్గాన్ సాఫ్ట్‌వేర్లూ అలా పనిచేయవు. ర్యామ్ చాలకపోతే విండోస్ తనంతట తాను కొంత డేటాను డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి నెట్టేస్తుంది. ఏ పైపును నెట్టిందో మనకి తెలియదు. సరిగ్గా ఆ మెట్టే నొక్కినప్పుడు శబ్దం ఒక్కక్షణం ఆగి, తెగి, టక్కుమంటుంది. ఆరాధన మధ్యలో అలా జరిగితే ఆ టెన్షన్ ఎలాంటిదో వాయించేవాళ్లకే తెలుసు. ఎస్ఎస్‌డీ వల్ల సెట్ త్వరగా ఎక్కుతుంది, అది మంచిదే. ర్యామ్‌కి బదులు మాత్రం కాదు. 16 జీబీ ఉన్నవాళ్లు విండోస్‌కి నాలుగైదు జీబీ వదిలి, సెట్ 11 దాటకుండా చూసుకోండి.

64 జీబీ కావాల్సినవాళ్లూ ఉన్నారు. కేథడ్రల్‌లోని పెద్ద ఆర్గాన్‌ని నాలుగు, ఆరు ఛానెళ్ల సరౌండ్‌లో, గది చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వాయించేవాళ్లకి అది తప్పదు. రెండు స్పీకర్లు, ఒక హెడ్‌ఫోన్‌తో ఇంట్లో సాధన చేసుకునేవాళ్లకి అవసరం లేదు. ఆ బంధువుల అబ్బాయి సెట్‌లో వెనక మైకులు తీసేసి, గట్టి స్టాపులను 16 బిట్‌కి దించి, బఫర్ 512 పెట్టాం. తొమ్మిది జీబీలు చూపించింది. ఆ సాయంత్రం అన్ని స్టాపులూ ఆన్ చేసి వాయించాడు, ఒక్క చిటపట లేదు.